పద్నాలుగో నంబరు బుట్ట

కూరగాయల మార్కెట్టు వెనక, చేపల కొట్ల వరుస దాటాక, పొడుగాటి రేకుల గది ఒకటి ఉంది. వానలు పడే నాలుగు నెలలూ అందులో ఒక బల్ల వేసి ఉంటుంది. బల్ల మీద భూతద్దం, పిడి అరిగిన చిన్న కత్తి, సగం నలుపూ సగం తెలుపూ రంగేసిన అట్టముక్కల దొంతర, పక్కన బోర్లించిన గాజు గ్లాసులు. బల్ల వెనక ఒకావిడ. ఆవిడ అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా వినబడదు. ఊరంతా గొడుగులమ్మ అంటుంది. ఎదురుగా అనేవాళ్ళు కొందరు, చాటుగా నవ్వుకుంటూ అనేవాళ్ళు కొందరు. ఎవరెలా అన్నా ఆవిడ పలికేది.

ఆ ఊళ్ళో వాన వెలిసిన మర్నాడు సగం జనం పుట్టగొడుగుల కోసం తోటల మీద పడతారు. ఏరుకొచ్చింది ఏదైనా సరే, గొడుగులమ్మ చూడందే పొయ్యి ఎక్కకూడదు. పచ్చ చీటీ ఇస్తే తినొచ్చు. ఎర్ర చీటీ ఇస్తే బుట్టలో ఉన్నదంతా గది వెనక గోతిలో బోర్లించి, చేతులు కడుక్కుని, ఆవిణ్ణి తిట్టుకుంటూ ఇంటికి పోవాలి. తిట్లకు ఆవిడకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. ముప్ఫై ఏళ్ళలో ఆ ఊళ్ళో పుట్టగొడుగు తిని పోయిన మనిషి ఒక్కడు లేడు.

పందొమ్మిదేళ్ళ వయసులో ఆవిడ ఈ పనిలోకి వచ్చింది గాజుసామాను కడగడానికి. కాలేజీ వెనక శిలీంధ్రాల పరిశోధనశాల అని రెండు గదులుండేవి. దానికి ఒక శాస్త్రవేత్త, అందరూ పెద్దాయన అనేవారు. బూజు పట్టిన రొట్టెముక్క జేబులో పెట్టుకుని తిరిగే మనిషి. చేరిన మొదటి వారమే ఈవిడ బీరువాలోని గాజుపళ్ళేలన్నీ దించి, పచ్చగా, నల్లగా పేరుకున్నదంతా బూడిద పెట్టి తళతళలాడేలా తోమేసింది. మూడు నెలలుగా ఆయన కంటికి రెప్పలా పెంచుకున్న బూజులవి. పెద్దాయన వచ్చి చూశాడు. కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి నవ్వడం మొదలుపెట్టాడు.

"ఈ గదిలో మురికి అనేది లేదమ్మాయ్. ఏదైనా కడిగే ముందు నన్నొక మాట అడుగు" అన్నాడు.

అప్పట్నించీ ఆవిడ అడగడం మొదలుపెట్టింది. అడిగేకొద్దీ ఆయన చెప్పుకుపోయేవాడు. మనం చూసే గొడుగు కాయ మాత్రమేనట. అసలు ప్రాణి మట్టిలో, కుళ్ళిన మానులో సన్నటి దారాలై అల్లుకుని ఉంటుందట. అది లేకపోతే రాలిన ఆకు రాలినట్టే ఉండి, చచ్చిన చెట్టు చచ్చినట్టే పడి ఉండి, భూమ్మీద కాలు పెట్టడానికి చోటుండదట. రొట్టె ఉబ్బేది దాని చుట్టాల వల్లే, ఆవిడ తల్లికి పుండు మాన్పిన మందు పుట్టిందీ బూజులోంచే, ఆవిడ ఇంటి తలుపు చెక్క పొడిపొడిగా రాలిపోతున్నదీ ఇంకొక బూజు వల్లే. "మనకి పెట్టేదీ అదే, మన్ని తినేదీ అదే. దానికి మన మీద ప్రేమా లేదు, పగా లేదు" అనేవాడాయన.

జనం చెప్పుకునే కబుర్లు కూడా పుస్తకంలో రాయించేవాడు. పిడుగు పడ్డ చోట గొడుగు మొలుస్తుందని, వలయంగా మొలిచిన చోట కాలు పెడితే దారి తప్పుతామని, కూరలో ముంచిన వెండి చెంచా నల్లబడకపోతే మంచిదేనని, పురుగు కొరికింది మనమూ తినొచ్చని. "ఇవన్నీ ఎందుకండీ?" అని ఆవిడ విసుక్కుంటే, "ఏ గొడుగు చంపుతుందో తెలుసుకోవడం సగం పని. ఏ నమ్మకం చంపుతుందో తెలుసుకోవడం మిగతా సగం. చెంచాని నమ్మి పోయినవాళ్ళు ఎంతమందో!" అనేవాడు.

నమూనాల గదిలో అలమర నిండా కాగితం పొట్లాలు. ప్రతి పొట్లంలో ఎండిన గొడుగు, మీద అది దొరికిన చోటు, చెట్టు, తేదీ. వాటిల్లో ఒకదాని మీద ఎర్రచుక్క ఉండేది. ఒకరోజు పెద్దాయన తలుపు దగ్గరికి వేసి ఆ పొట్లం విప్పాడు. లోపల తెల్లటిది, వయ్యారంగా ఉన్నది, కాడ అడుగున పగిలిన గుడ్డుపెంకు లాంటి తొడుగు ఉన్నది.

"ఇది మన వైపు మొలవదు. దూరాన్నించి తెప్పించాను, నువ్వు చూసి ఉంచుకోవాలని. పైకి చూస్తే అచ్చం మనం తినే పాలగొడుగు. రుచి కూడా బాగుంటుందట, అదే దీంతో చిక్కు. తిన్నాక పది గంటల దాకా ఏమీ ఉండదు. తర్వాత ఒక రోజంతా వాంతులూ విరేచనాలూ. మూడో రోజు మనిషి లేచి కూర్చుని నవ్వుతాడు. ఆ నవ్వు నమ్మకు. లోపల కాలేయం అప్పటికే కుళ్ళడం మొదలుపెట్టి ఉంటుంది."

"మరి రెంటికీ తేడా ఎలాగండీ?"

"తొడుగు మట్టిలో ఉంటుంది. కాడని వేళ్ళతో మొదలంటా తవ్వి తీస్తే కనబడుతుంది. పాలగొడుగుకి తొడుగుండదు, తోకలాంటి వేరు ఉంటుంది. ఇంకో తేడా దాని ధూళిలో ఉంది. గొడుగుని అట్ట మీద బోర్లించి గ్లాసు మూస్తే మర్నాటికి టోపీ కింది రేకుల్లోంచి పొడి రాలుతుంది. మనదానికి లేత గులాబీ, దీనికి తెలుపు. కానీ ధూళి రేపటి మాట. బుట్ట పట్టుకుని నీ ముందు నిలబడ్డవాడికి ఇవాళ జవాబు కావాలి. అందుకని అడుగు చూడందే ఎవరికీ మాటివ్వకు."

పెద్దాయన పోయాక పరిశోధనశాలకు తాళం పడింది. అలమర మార్కెట్టు గదికి వచ్చింది, అలమరతోపాటు ఆవిడా వచ్చింది. పెళ్ళి ఊసు వచ్చిన ప్రతిసారీ వానాకాలం అడ్డొచ్చేది. అలా అలా ఆ ఊసు ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు. ఆవిడకు ఉన్నదల్లా ఒక తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. చంకనేసుకుని పెంచింది. వాడు బస్సు డిపోలో టైర్లు బిగించే పనిలో కుదిరాడు, పెళ్ళి చేసుకున్నాడు, అక్కకు రెండు వీధుల అవతల కాపురం పెట్టాడు. నోరు తెరిస్తే వేళాకోళం. గొడుగులంటే ప్రాణం. మరదలికి మాత్రం వాటి వాసనే గిట్టదు. "అక్క ఉద్యోగం బూజు, తమ్ముడి తిండి బూజు. నా ఖర్మ కాకపోతే ఏంటి వదినా ఇది!" అని మూతి తిప్పుకునేది. అయినా మొగుడికి వండి పెట్టేది, ఆడపడుచుకు డబ్బాలో పంపేది.

పదేళ్ళ కిందట ఇటుక బట్టీ వెనక తోపులో గొడుగులు తగ్గిపోయాయి. జనం పలుగూ పారా పట్టుకుని నేలంతా పందులు కుమ్మినట్టు తవ్విపోస్తున్నారు. మట్టిలో దారాలు తెగిపోతే మళ్ళీ ఏడు ఏం మొలుస్తుంది? గొడుగులమ్మకు ఒళ్ళు మండిపోయింది. గది గోడకు పెద్ద బోర్డు రాయించి పెట్టింది: కత్తితో కొయ్యండి. తవ్వకండి. అడుగు మట్టిలోనే ఉండనివ్వండి. బోర్డుతో ఊరుకోలేదు. వచ్చిన ప్రతివాడికీ కత్తి ఎలా ఆనించాలో చేసి చూపించింది. నేలకు సమంగా, ఒక్క కోతలో, కాడ నలక్కుండా. మట్టి అంటిన అడుగుతో తెచ్చినవాణ్ణి నలుగురిలో కడిగేసేది. రెండేళ్ళకు ఊళ్ళో ఆరేళ్ళ పిల్లకు కూడా ఆ కోత చేతనయింది. తోపు మళ్ళీ తెల్లగా విరగబూసింది. మున్సిపల్ ఆఫీసువాళ్ళు ప్రశంసాపత్రం ఇచ్చారు, ఆవిడ దాన్ని పటం కట్టించింది.

పెద్దాయన మాట ఆవిడకు గుర్తు లేదనుకోకండి. గుర్తుంది. ఎర్రచుక్కది మన వైపు మొలవదనీ ఆయనే అన్నాడుగా. లేనిదాని కోసం ఉన్న తోపును నాశనం చేసుకోవడం ఎందుకని సమాధానం చెప్పుకుంది. రుజువుకు ధూళి ఎలాగూ తీస్తూనే ఉంది. ప్రతి బుట్టలోంచి ఒక గొడుగు, నంబరు వేసిన అట్ట, మీద గ్లాసు. మర్నాడు చూసి పుస్తకంలో రాసుకోవడం. పదేళ్ళుగా గులాబీ, గులాబీ, గులాబీ. ఆ మాట రాసీ రాసీ చెయ్యి దానంతట అదే రాసేది.

ఈలోగా ఆసుపత్రి రోడ్డు వెడల్పు చేశారు. రెండు వైపులా నీడకని ఎక్కణ్ణించో మొక్కలు తెప్పించి నాటారు, వేళ్ళకు గోనెపట్టాలో మట్టి ముద్దలతో సహా. చెట్లు చూస్తుండగానే ఎదిగాయి. చెట్టు ఒంటరిగా ప్రయాణం చేయదని, దాని వేళ్ళకు అంటుకున్న బూజు కూడా టికెట్టు లేకుండా వెంట వస్తుందని పెద్దాయన వందసార్లు చెప్పాడు. గొడుగులమ్మ రోజూ ఆ చెట్ల నీడనే మార్కెట్టుకు నడిచి వెళ్ళేది. ఎండ తగలడం లేదని సంతోషించేది.

ఆ రోజు ఆవిడకు పన్ను పీకించుకుని రెండో రోజు. చెంప బూరెలా ఉబ్బింది. పన్ను పీకిన చోట లవంగనూనె దూది. ముక్కుకు లవంగం వాసన తప్ప ఇంకొకటి ఆనడం లేదు. పదమూడు బుట్టలు చూసి పంపించాక తమ్ముడు ఊడిపడ్డాడు, డిపో బట్టల్లోనే.

"ఏంటే అక్కా, ఎవరి చెంప అరువు తెచ్చుకున్నావు?"

"నవ్వించకురా, కుట్లు లాగుతున్నాయి. ఏం తెచ్చావ్?"

"చూడు మరి. కోత చూడు ముందు. నీ బోర్డు పక్కన దీన్నే వేలాడదీయొచ్చు."

బుట్టలో తడిగుడ్డ మీద పదకొండు గొడుగులు. తెల్లగా, నున్నగా. కాడలన్నీ గుడ్డతో తుడిచి, అడుగులన్నీ గీత గీసినట్టు కోసి ఉన్నాయి. ఆవిడ ఒకటి తీసి తిప్పి చూసింది. టోపీ కింద రేకులు తెలుపు, లేత పాలగొడుగుకూ అలాగే ఉంటాయి. వాసన చూసింది, లవంగం. కోత మీద బొటనవేలు పెట్టి రాసింది. ఇంత బాగా కోసినవాడు ఆ ఏడు ఇంకొకడు లేడు. వాడి చెయ్యి పట్టుకుని కత్తి పట్టడం నేర్పింది తనే.

బల్ల ముందుకు వచ్చిన ప్రతి మనిషినీ ఆవిడ మూడు ప్రశ్నలు అడిగేది. ఎక్కడ కోశావు, ఏ చెట్టు కింద, ఎప్పుడు? ఆఫీసరుగారి భార్యనైనా వదిలేది కాదు. ఆ పూట తమ్ముణ్ణి అడగలేదు. వాడు ఎప్పుడూ తోపులోనే కోస్తాడు. పైగా దవడ సలుపుతోంది.

"తెలిసిన దొంగవేగా నువ్వు, పో" అని పచ్చ చీటీ రాసిచ్చింది. ఒక గొడుగు పక్కకు తీసి అట్ట మీద బోర్లించి గ్లాసు మూసింది. అట్ట మీద పద్నాలుగు అని వేసింది.

"రాత్రికి డబ్బా పంపిస్తా. నమల్లేకపోతే చప్పరించు" అంటూ వాడు వెళ్ళిపోయాడు.

డబ్బా వచ్చింది. ఆవిడ నోరు తెరవలేక గ్లాసుడు పాలు తాగి పడుకుంది. మూత తియ్యని డబ్బా వంటింటి గట్టు మీద ఉండిపోయింది.

తెల్లారి గది తెరిచి, పుస్తకం విప్పి, గ్లాసులు ఒక్కొక్కటే ఎత్తడం మొదలుపెట్టింది. ఒకటి, గులాబీ. రెండు, గులాబీ. అట్టలో తెల్ల సగం మీద లేత గులాబీ గీతలు, చక్రంలా, ఎప్పటిలాగే. పద్నాలుగో గ్లాసెత్తింది. చెయ్యి అలవాటుగా 'గు' అని రాసి ఆగింది. తెల్ల సగం మీద ఏమీ లేదు. నల్ల సగం మీద మాత్రం పిండి జల్లినట్టు తెల్లటి చక్రం, ఒక్కో గీతా విడివిడిగా, ఎంతో అందంగా.

గొడుగులమ్మ దాన్ని వేలితో ముట్టుకుంది. వేలికి తెల్లగా అంటింది. గది తలుపైనా వెయ్యకుండా ఆ చెంప పట్టుకునే పరిగెత్తింది.

ఆవిడ వెళ్ళేసరికి తమ్ముడి ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. తెల్లవారుజాము నుంచీ వాంతులు. మరదలు ఒక చేత్తో వాణ్ణి పట్టుకుని, ఇంకో చేత్తో బకెట్టు పట్టుకుని ఉంది. వాడి మొహం సున్నం కొట్టినట్టుంది. ఆ స్థితిలోనూ అక్కను చూసి, "డబ్బా తినకు. ఉప్పు ఎక్కువైంది" అన్నాడు.

ఆసుపత్రి డాక్టరు కుర్రవాడు, మంచివాడు, మూడు పనులు ఒకేసారి చేస్తున్నాడు. సెలైన్ పెట్టించాడు. డిపో క్యాంటీన్లో తిన్నవాళ్ళు అప్పటికే ఇద్దరు పొట్ట పట్టుకుని వచ్చి ఉన్నారు.

"క్యాంటీన్ కాదండీ. గొడుగులు తిన్నాడు. విషపువని నా అనుమానం" అంది గొడుగులమ్మ.

"ఎవరైనా పరీక్ష చేశారా?"

మరదలు కొంగు ముడి విప్పి పచ్చ చీటీ తీసింది. "మా వదినే చూసిందండీ. ఇదిగో."

డాక్టరు చీటీ చూశాడు, ఆవిణ్ణి చూశాడు. "మీరేనా ఆవిడ? మా ఇంట్లో మీ చీటీ లేందే గొడుగు కొనరండీ. మీరే మంచివని రాసి మీరే అనుమానిస్తే ఎలా? కంగారు పడకండి. ఇది క్యాంటీన్ పనే."

"ధూళి తెల్లగా పడిందండీ."

"ఏ ధూళి?"

చెప్పబోయింది. రెండు మాటలు చెప్పేసరికి ఎవరో పిలిస్తే ఆయన వెళ్ళిపోయాడు. మరదలు గుర్రుగా చూసింది. "ఊరుకో వదినా, శుభమా అంటూ! డాక్టరు చెప్తున్నాడుగా."

ఆవిడ ఊరుకుంది. పోట్లాడి ఉండాల్సింది. డాక్టరు కాలరు పట్టుకుని ఉండాల్సింది. కానీ ఆయన మాట నిజమైతే బాగుండునని ఆవిడకు ఎంత ఆశగా ఉందంటే, సాయంత్రానికి సగం నమ్మేసింది. గ్లాసు సరిగ్గా కడగలేదేమో. పాత అట్ట వాడానేమో. తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని, వాడు కక్కిందల్లా ఎత్తిపోస్తూ, మనసులో ఆ క్యాంటీన్ వంటవాణ్ణి శాపనార్థాలు పెట్టింది. వాడిదే తప్పు కావాలని మొక్కుకుంది.

మర్నాడు పొద్దున్న మరదలు వరండాలోనే ఎదురొచ్చింది, మొహం వెలిగిపోతూ. "తగ్గిపోయింది వదినా! లేచి కూర్చున్నాడు. ఆకలంటున్నాడు. మధ్యాహ్నం ఇంటికి పంపిస్తారట."

లోపల తమ్ముడు దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్క మంచం మీదివాడికి ఏదో జోకు చెప్తున్నాడు. అక్కను చూడగానే పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు.

"చచ్చాననుకున్నావు కదే? చీటీ రాసిచ్చి చంపేశానని నిన్నంతా ఏడ్చావట, ఇది చెప్పింది. చూడు, రాయిలా ఉన్నా!"

వార్డంతా నవ్వింది. గొడుగులమ్మ ఆ నవ్వు విని మంచం దాకా వెళ్ళకుండానే ఆగిపోయింది. క్యాంటీన్ వంటవాడి మీది అనుమానం పోయింది, కడగని గ్లాసు సాకు పోయింది, పెట్టుకున్న ఆశలన్నీ పోయాయి. మూసిన తలుపు వెనక పెద్దాయన గొంతు ఒక్కటే మిగిలింది. మూడో రోజు మనిషి లేచి కూర్చుని నవ్వుతాడు.

ఆ పూట బల్ల దగ్గర అడగని ప్రశ్న అప్పుడు అడిగింది. "ఎక్కడ కోశావురా?"

"ఇదిగో, ఈ గేటు బయటే. మూడో చెట్టు కింద. డ్యూటీకి వెళ్తుంటే కనబడ్డాయి. తోపు దాకా ఎవడు పోతాడు?"

ఆవిడ వార్డులో కంచం పక్కన ఉన్న చెంచా తీసుకుని బయటికి నడిచింది. మూడో చెట్టు కింద గడ్డి తడిగా ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తడిమింది. దొరికాయి. నేలకు సమంగా, గుండ్రంగా, తెల్లగా, పది పదకొండు కోతలు, నాణేలు పరిచినట్టు. ఒక్కటీ నలగలేదు. చెంచాతో ఒకదాని చుట్టూ మట్టి తీసింది. రెండు వేళ్ళ లోతుకు వెళ్ళేసరికి మెత్తగా తగిలింది. మట్టి ఊదింది. పగిలిన గుడ్డుపెంకు లాంటి తొడుగు. ఆ లోపల, ఆవిడ నేర్పినట్టే కోసిన కాడ మొదలు.

ఆవిడ అక్కడే కూర్చుని గట్టిగా ఏడ్చింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. తర్వాత తొడుగును కొంగులో పెట్టుకుని లోపలికి వెళ్ళి, డాక్టరు బల్ల మీద, ఇంటికి పంపే కాగితాల మీద పెట్టింది.

"ఈ చీటీ తప్పు. నేను అడుగు చూడలేదు. ఇది వాడి కాలేయాన్ని తింటోంది. నా మాట నమ్మొద్దు, రక్తం పరీక్ష చెయ్యండి."

పరీక్ష కాగితం రాగానే డాక్టరు ఫోను అందుకున్నాడు. గంటలో అంబులెన్సు మాట్లాడారు, పెద్ద ఆసుపత్రికి. స్ట్రెచర్ మీద ఎక్కించేటప్పుడు కూడా తమ్ముడికి ఒంట్లో బాధేమీ లేదు. అందరి మొహాలూ చూసి వాడి నవ్వే ఆగిపోయింది. అక్క చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు చెప్పినట్టే కోశా కదక్కా."

"అవున్రా. బాగా కోశావు" అందావిడ.

ఏడో రోజున వాడు పోయాడు. కళ్ళూ ఒళ్ళూ పసుపుపచ్చగా అయిపోయి, చివర్లో ఎవరినీ గుర్తుపట్టకుండా పోయాడు. మరదలు ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఆవిడతో ఒక్క మాట మాట్లాడలేదు కూడా.

ఆఫీసువాళ్ళు విచారణ అన్నారు, కాగితాలు రాయించుకున్నారు. ఆ పని తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేక మళ్ళీ ఆవిణ్ణే కూర్చోమన్నారు. గొడుగులమ్మ కూర్చుంటానంది. పటం తీసేసింది. బోర్డు చెరిపించి కొత్తగా రాయించింది: తవ్వండి. అడుగుతో సహా తీసుకురండి. అడుగు లేనిది చూడబడదు. చలికాలమంతా వీధి వీధీ తిరిగి చెప్పింది. తమ్ముడు పోయిన బాధలో మతి చెడిందని కొందరు జాలిపడ్డారు. నిన్నటిదాకా తవ్వొద్దని తిట్టిన మనిషే ఇవాళ తవ్వమంటుందేమిటని కొందరు నవ్వారు. చెట్లు కొట్టించమని అర్జీ పెట్టింది. రోడ్డుకు అంత నీడనిచ్చే చెట్లు కొట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు.

మళ్ళీ వానలొచ్చాయి. మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజు మధ్యాహ్నం, చిరుజల్లులో తడుస్తూ, ఇటుక బట్టీ కాపలా ముసలాయన బుట్ట పట్టుకుని వచ్చాడు. బుట్ట బల్ల మీద పెట్టి గుడ్డ తీశాడు. తెల్లటి గొడుగులు, పాతిక దాకా. కాడలన్నీ నున్నగా, సమంగా, ఒక్క కోతలో కోసి ఉన్నాయి.

గొడుగులమ్మ వాటిని ముట్టుకోలేదు. "అడుగులేవి తాతా?"

"అడుగులా? అవి మట్టిలో ఉండనియ్యమన్నారు కదమ్మా మీరు."

"బోర్డు మార్చాను కదా. ఊరంతా తిరిగి చెప్పాను కదా!"

"నాకు చదువెక్కడిదమ్మా? కిందటి వానలప్పుడే ఇంటిల్లిపాదీ మా బిడ్డ ఊరెళ్ళి నిన్నగాకమొన్న వచ్చాం. ఆ పాత బోర్డు కూడా చదివి నేర్చుకోలా. మీరు చెయ్యి పట్టుకుని చూపించారు, అట్టాగే చేతికి వచ్చేసింది. మనవలకీ నేనే నేర్పా. చూడండి, ఈ కోతలన్నీ వాళ్ళవే" అన్నాడు ముసలాయన మురిసిపోతూ.

"ఎక్కడ కోశారు?"

"ఆసుపత్రి రోడ్డులో. ఆ చెట్ల కింద ఈ ఏడు విరగకాశాయి."

ఆవిడ ఎర్ర చీటీల కట్ట తీసింది. "ఇవి గోతిలో పోసెయ్. ఒక్కటి కూడా మిగల్చకు."

ముసలాయన మొహం వాడిపోయింది. బుట్టకేసి, ఆవిడకేసి, వీధికేసి చూశాడు. "మరి... రెండో బుట్ట ఇంట్లో ఉందమ్మా. మీరు కాదనేదేముంటుందిలే అని కోడలు పొయ్యి మీద పెట్టేసింది. పిల్లలు ఆకలని ఒకటే గోల."

కుర్చీ వెనక్కి పడింది. బల్ల మీది గ్లాసొకటి దొర్లి పగిలింది. "ఇల్లెటు? చెయ్యి చూపించు తాతా, ఎటు?" అని అరుస్తూ గొడుగులమ్మ చెప్పుల్లేకుండానే వానలోకి దిగింది.